పై మంచం టైలరుకు నేను చెప్పిన తీర్పు

పోయిన వారం మా పాత గది వాట్సాప్ గ్రూపులో గంగాధర్ ఒక మెసేజ్ పెట్టాడు. ‘మన టైలర్ పోయిండు. ఉమ్ అల్ క్వైన్‌ల. మిషిన్ ముంగట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండట.’ దాని కింద మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక సిగ్గేసింది, తీసేద్దామనుకున్నాను. అప్పటికే అందరూ చూసేశారు. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు కదా అని అట్లాగే ఉంచాను.

అతని పేరు రాయను. ఊరు కూడా రాయను. నెల్లూరు వైపు అని మాత్రం చెప్తాను, ఆ వైపు ఊళ్ళకు కొదవ లేదు. పేరు ఎందుకు రాయడం లేదో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

దుబాయ్‌లో, అల్ వర్సాన్ గోదాములకు నడిచిపోయేంత దూరంలో ఒక ఫ్లాటు. అందులో ఒక గదిలో మూడు డబుల్ మంచాలు, ఆరుగురు మనుషులం. నేను అల్యూమినియం గోదాములో స్టోర్‌కీపర్‌ని, జగిత్యాల వైపు వాణ్ణి. మిగతా నలుగురూ మా జిల్లాల వాళ్ళే. అతనొక్కడే సముద్రం పక్క నుంచి వచ్చినవాడు. నెల్లూరోడు వస్తున్నాడంటే చేపల పులుసు తిందామని మేం ఆశగా ఎదురుచూశాం. వచ్చాక చూస్తే అతనికి కోడిగుడ్డు పొరటు తప్ప ఏమీ రాదు. “మా ఇంట్లో అక్క నన్ను పొయ్యి కాడికి రానిచ్చేది కాదన్నా, మిషను కాడ కూచోబెట్టేది” అన్నాడు. ఆ నిరాశ నుంచి మా గది తేరుకోవడానికి నెల పట్టింది.

అతనిది పై మంచం. పై మంచానికీ కప్పుకూ మధ్య మనిషి నిటారుగా కూర్చునేంత జాగా ఉండదు. అతను మెడ ఎడమ పక్కకు వంచి, కాళ్ళు మడిచి, ఒళ్ళో గుడ్డ వేసుకుని గంటల తరబడి కూర్చునేవాడు. ఆ మెడవంపు కిందికి దిగినా పోయేది కాదు. ఎవరితో మాట్లాడినా తల కాస్త వాలి ఉండేది. కొత్తవాళ్ళు అది చూసి, ఈ మనిషి మన మాట ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని సంబరపడేవాళ్ళు. అతను నిజంగా వినేవాడు కూడా.

పని అబాయాలు కుట్టడం, అంటే ఇక్కడి ఆడవాళ్ళు తొడుక్కునే బురఖాల్లాంటివి. పొద్దున్నుంచీ నల్లగుడ్డే. సాయంత్రం గదికి వచ్చేసరికి కనుబొమ్మల మీదా చెవుల మీదా నల్లటి నూగు. “బొగ్గుబాయిల నుంచి వచ్చినవా తమ్మీ, ముందుగాల తానం చెయ్యి” అని నేను ఏడిపించేవాణ్ణి. నవ్వేవాడు. “నల్లగుడ్డ కుట్టడం సులువనుకుంటారన్నా, తప్పు కంటికి కనపడదు గదా అని. వేలితో తడిమితే దొరికిపోతాం” అనేవాడు. ఈ మాట నెలకు రెండుసార్లన్నా అనేవాడు. మేం అతని కంటే ముందే అనేసి నవ్వేవాళ్ళం.

మనిషిని చూస్తే కొలత చెప్పేసేవాడు. లిఫ్టులో ఎవరైనా ఎక్కి దిగిపోయాక నా చెవిలో “ఛాతీ నలభై రెండు. ఎడం భుజం అరంగుళం దిగి ఉండాది. బరువులు మోసే మనిషి” అనేవాడు. మా బిల్డింగు కాపలాదారు, ఇక్కడి మాటలో నాతూర్, ఆరున్నర అడుగుల పఠాన్. ఆయన ఎదురుగానే “ఈయనకు మా షాపులో ఉండే గుడ్డ తాను చాలదు” అన్నాడొకసారి. ఆయనకు తెలుగు రాదు గనక బతికిపోయాం.

కరోనా వచ్చి అన్నీ మూసేసినప్పుడు షాపు నుంచి తెచ్చుకున్న ముక్కలతో బిల్డింగు మొత్తానికీ మాస్కులు కుట్టాడు. అన్నీ నల్లవే. నాతూర్ దగ్గర్నుంచి కింద బకాలా, అంటే కిరాణా కొట్టు, ఆయన దాకా అందరం ఒకే పార్టీ వాళ్ళలాగా తిరిగాం. అదయ్యాక జాకెట్లు మొదలుపెట్టాడు. గదిలో వాళ్ళ భార్యలకు, చెల్లెళ్ళకు. ఊళ్ళో వాళ్ళు ఫోన్ ఎదురుగా పెట్టుకుని, టేపు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఇతను పై మంచం మీద నుంచి “వదినా, టేపు బిగించొద్దు, ఒక వేలు దూరేటట్టు పట్టు. ఆఁ, ఇప్పుడు చెయ్యెత్తు” అని చెప్పేవాడు. ఇంటికి పోయేవాళ్ళ చేతికిచ్చి ఆ జాకెట్లు పంపించేవాళ్ళం. సముద్రం ఇవతల నుంచి తీసిన కొలత, మొదటి ఏడాది ఒక్కటీ తప్పు పోలేదు. మా ఆవిడ అయితే “మన ఊరి టైలరుకు బుద్ధి చెప్పుమను” అని కబురు పెట్టింది.

పెళ్ళి మాట ఎత్తితే “అక్క కూతురికి అయిపోనీయన్నా” అనేవాడు. ఆ పిల్ల పెళ్ళి అయిపోయింది. “ఇల్లు పూర్తి కానీయన్నా” అన్నాడు. ఇల్లూ పూర్తయింది. ఆ తర్వాత ఎవరడిగినా గుండుసూది తీసి పెదాల మధ్య పెట్టుకునేవాడు. సూది నోట్లో ఉన్నవాణ్ణి ఎవరు మాత్రం జవాబు అడుగుతారు?

కరోనా రెండో ఏడు, జూన్‌లో ఒక శుక్రవారం. మధ్యాహ్నం తిని అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టక వంటగదిలో కూర్చుంటే, అతను ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. “అన్నా, నీకు ఇంగ్లీషు వస్తాది గదా. ఇందులో ఏం చెప్తా ఉండారో కొంచెం చెప్పు” అన్నాడు. షాపుకు ఏదో స్కూలు నాటకం కోసం జడ్జీ గౌన్లు కావాలని ఆర్డరు వచ్చిందట, నమూనా కోసం వెతికితే ఇది దొరికిందట. నేను నమ్మాను. ఇప్పుడు మాత్రం ఆ ఆర్డరు మీద నాకు అనుమానమే.

చూస్తే అది ఒక మీటింగు రికార్డింగు. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక్కో మనిషి. ఎవరిళ్ళలో వాళ్ళే ఉన్నారు. వెనక పుస్తకాల బీరువాలు. కొందరు నల్లటి గౌన్లు వేసుకున్నారు. ఒకాయన మాట్లాడుతున్నాడుగానీ గొంతు రావడం లేదు, మిగతావాళ్ళంతా మైకు నొక్కమని సైగలు చేస్తున్నారు. ఇంకొకావిడ కంప్యూటరు మీదుగా పిల్లి నడిచిపోయింది. మా గోదాము మీటింగులూ ఆ రోజుల్లో అట్లాగే ఏడ్చేవి గనక నాకు నవ్వొచ్చింది.

అతను మాటల కంటే ముందు గౌన్లు చూశాడు. “ఆ మూల ఆయనది రెడీమేడ్ అన్నా, భుజం సరిగా దిగలా. ఈయమ్మది మాత్రం కొలిచి కుట్టింది.” ఆ జడ్జమ్మ ఏదో చెప్తూ చెయ్యెత్తింది. నల్లటి చేతి లోపల లైనింగు ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసింది. అతను వీడియో ఆపి, రెండు వేళ్ళతో ఆ చేతిని పెద్దది చేసి, చాలాసేపు చూశాడు. “లోపల వేసుకునింది చూడన్నా. చెయ్యెత్తితేనే కనపడతాది” అన్నాడు.

నేను వింటూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. కాసేపటికి అది ఏమిటో నాకే అర్థమైంది. ఎక్కడో దూరదేశపు జడ్జీల సంఘం. మగవాణ్ణి ప్రేమించిన మగ జడ్జీలు, ఆడమనిషితో కాపురం చేస్తున్న జడ్జమ్మలు, పుట్టినప్పుడు మగపిల్లాడని రాయించుకుని ఇప్పుడు ఆడమనిషిగా బతుకుతున్న ఒకామె. ఏటా జూన్‌లో ప్రైడ్ అని పండుగ చేసుకుంటారట, ఆ లైనింగు రంగులు వాళ్ళ జెండావట. ఆ ఏడు జబ్బు భయానికి కంప్యూటర్లలోనే చేసుకుంటున్నారు. అర్థమయ్యాక నా గొంతు దానంతటదే తగ్గింది. ఈ దేశంలో ఇట్లాంటిది గట్టిగా వినపడితే ఉద్యోగం, వీసా అన్నీ ఖలాస్. ఒకసారి తలుపు వైపు చూశాను. ఆపేద్దామా అన్నాను. “ఆ పెద్దాయన మాటలు ఒక్కటి చెప్పన్నా” అన్నాడు.

ఆ పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. గౌను వేసుకోలేదు, ఇంట్లో వేసుకునే స్వెట్టరు. కాగితం చూసి చదివాడు. నేను వాక్యం వాక్యం చెప్పాను. ‘ముప్పై ఏళ్ళు బెంచి మీద కూర్చున్నాను. నా ముందు నిలబడిన ప్రతి మనిషితో నిజమే చెప్తానని ప్రమాణం చేయించాను. నేను మాత్రం ఇంట్లో ఉన్న నా మనిషిని ఇరుగుపొరుగుకు అద్దెకున్నవాడని చెప్పాను. అతను పోయినప్పుడు సెలవు అడిగితే ఎవరు పోయారని అడుగుతారని, సెలవు పెట్టకుండా కోర్టుకు వెళ్ళాను. ఆ రోజు మూడు తీర్పులు చెప్పాను.’ అంతవరకు చదివి ఆయన కాగితం పక్కన పెట్టేశాడు. పిల్లి ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“ఆయన నిజం జడ్జీనే గదన్నా?” అన్నాడు.

“నిజం జడ్జే.”

“మా ఊర్లో తగువు వస్తే న్యాయం చెప్పేవాళ్ళు కూచొని ఉంటారు, మాలాంటోళ్ళు నిలబడి ఉంటారు. ఈడ చూడు, మావాళ్ళు కూచొని ఉండారు.”

“మీవాళ్ళేంది తమ్మీ? అండ్ల నెల్లూరోళ్ళెవలున్నరు?” అన్నాను నేను, తెలివితక్కువగా.

అతను నవ్వలేదు. తల ఎప్పటిలాగే వాలి ఉంది గానీ కళ్ళు నా మీదే ఉన్నాయి. నాకు అర్థం కావడానికి పట్టినంతసేపు ఆగాడు. తర్వాత “ముప్పై ఆరేళ్ళు వచ్చినాయన్నా. ఎవరితోనూ అనలా. నీతోనే” అన్నాడు. అతని మోకాలి మీద చెయ్యి వేశాను. “నా నోట్లెకెల్లి రాదు తమ్మీ” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ సాయంత్రం అతను పై మంచం మీద ఏదో కూనిరాగం తీస్తూ కుట్టుకున్నాడు. అతని గొంతులో పాట నేను విన్నది అదొక్కసారే.

ఇప్పుడు నా గొప్పతనం చెప్పుకోవాలి. ఆ గదికి నేను పెద్దమనిషిని. వయసులో పెద్దవాణ్ణి, గది నా పేరు మీద ఉంది, రెండు మాటలు నెమ్మదిగా మాట్లాడే అలవాటుంది. తగువు వస్తే శుక్రవారం తిన్నాక పంచాయితీ పెట్టేవాళ్ళం. ఎవరూ రికార్డు చేయకుండా, ఇంటికి ఫోన్లు కొట్టకుండా, అందరి ఫోన్లూ నేల మీద బోర్లా పెట్టాలి. ఇద్దరి మాటా విని నేను తీర్పు చెప్పాలి. తీర్పు ఎవరి మీదికి పోతే వాడు లేచి అందరికీ చాయ్ పెట్టాలి. చాయ్ తాగాక ఆ ముచ్చట మళ్ళీ ఎత్తకూడదు. ఊళ్ళో మా ఇంటి మనుషులను ఏ పంచాయితీలోనూ మంచం మీద కూర్చోనివ్వలేదు. ఇక్కడ నేను కూర్చుని న్యాయం చెప్తున్నానని నాకు లోలోపల చాలా గొప్పగా ఉండేది.

ఆ ఏడు చలికాలంలో గంగాధర్ పంచాయితీ అడిగాడు. అతని భార్య జాకెట్టు కొలతల కోసం టైలరుతో మాట్లాడటం అతనికి మొదట్లో ఇష్టమే. తర్వాత తను డ్యూటీలో ఉన్నప్పుడు కూడా ఆమె ఫోన్ చేస్తోందని తెలిసింది.

“నేను లేనప్పుడు నా పెండ్లాంతోని గంటసేపు ఏం ముచ్చటనే? ఇగ ఈ రూముల నేనన్న ఉండాలె, వాడన్న ఉండాలె” అన్నాడు గంగాధర్. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

“చంక కాడ పట్టేస్తా ఉందని వదినే చేసిందన్నా. దారం యాడ విప్పాలో చెప్పినా. అంతే” అన్నాడు టైలరు.

“దారం విప్పుడు గంటసేపా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. గంగాధర్ లేవబోయాడు. నేను అతని భుజం పట్టి కూర్చోబెట్టాను. “గంగాధర్, గీ పిలగాడు గసొంటోడు కాదు. నా మాట ఇను.”

“నీకెట్ల ఎర్కనే?”

“నాకు ఎర్కే.”

“ఎట్ల ఎర్క? పెద్దమనిషివి, ఉత్తగనే అంటే ఎట్ల? రుజువు చెప్పు మరి.”

రుజువు అన్న మాట నాకు గుచ్చుకుంది. న్యాయం చెప్పేవాణ్ణి రుజువు అడిగితే ఇవ్వలేకపోవడమా? నా ఎదురుగా నిరపరాధి కూర్చుని ఉన్నాడు, అతను నిరపరాధి అని చూపించే సాక్ష్యం నా దగ్గరే ఉంది. ఇంకేం ఆలోచించలేదు. “ఆడోళ్ళ మీదికి వాని మనసే పోదు. ఎన్నడు పోలే. వాడే నాతోని చెప్పిండు. ఇగ సాలదా?” అన్నాను.

అతను నా వైపు చూశాడు. కత్తెర పక్కకు పోయి గుడ్డ తెగినప్పుడు అతను అరిచేవాడు కాదు, తిట్టుకునేవాడు కాదు, కత్తెర మెల్లగా కింద పెట్టేవాడు. ఆ రోజు నన్ను అట్లాగే చూసి, కళ్ళు దించుకున్నాడు.

గంగాధర్ కోపం పోయింది. దాని బదులు అతను కూర్చున్న చోటు నుంచి కొంచెం పక్కకు జరిగాడు. ఇంతలో కింది మంచం రాజం అందుకున్నాడు. “గట్లయితే అన్నా, నేను వాని కింద మంచంల ఎట్ల పండాలె?” ఒక కేసు కొట్టేస్తే ఇంకో కేసు దానంతటదే పుట్టింది. వెళ్ళగొడదామని ఒకడు, కంపెనీకి చెప్దామని ఒకడు. అప్పుడు నేను చెయ్యెత్తి, నా జీవితంలో అన్నిటికంటే తెలివైనదనుకున్న తీర్పు చెప్పాను.

ఎవరూ అతన్ని గది నుంచి పొమ్మనకూడదు. ఎవరూ చెయ్యి చేసుకోకూడదు. ఈ మాట గది దాటి పోకూడదు. అయితే అతను పై మంచం వదిలి తలుపు పక్క కింది మంచానికి మారాలి, అక్కడివాడు ఇతని మంచానికి రావాలి. అందరి స్నానాలూ అయ్యాక స్నానం చేయాలి. గ్లాసు, పళ్ళెం వేరుగా పెట్టుకోవాలి. “కరోనాల అందరం ఎవలి గ్లాసు వాళ్ళే పెట్టుకున్నం గదా, గట్లనే అనుకోండ్రి. గిండ్ల నామోషీ ఏమున్నది?” అన్నాను. ఆనాటి గ్లాసులు వంటగది అలమరాలో అడుగున ఉన్నాయి. నేనే వెళ్ళి వెతికాను. ప్లాస్టరు ముక్క మీద అతని పేరు రాసిన గ్లాసు ఇంకా ఉంది. తెచ్చి అతని ముందు పెట్టాను.

“మంచి తీర్పు చెప్పినవే అన్నా, పాము సావలే, కట్టె ఇరగలే” అన్నాడు రాజం. నాకు గర్వంగా అనిపించింది. చెప్పుకోవడానికి నాకు అన్నిటికంటే కష్టంగా ఉన్నది ఇదే. ఆ క్షణంలో నేను బాధపడలేదు. మురిసిపోయాను.

అప్పుడు అతను లేచాడు. గంగాధర్ ఫిర్యాదు తప్పని తేలింది గనక చాయ్ పెట్టాల్సింది గంగాధర్. కానీ వంటగదిలోకి అతనే వెళ్ళాడు. చాయ్ పెట్టి, మా ఐదుగురికీ ఐదు గ్లాసుల్లో పోసి తెచ్చి, తన గ్లాసులో తను పోసుకుని, తలుపు దగ్గర గొంతుకూర్చుని తాగాడు. గొంతుకూర్చొమ్మని నేను చెప్పలేదు.

మా ఊరి బస్టాండు దగ్గర ఒక చాయ్ హోటలుండేది. మా బాపు గ్లాసు దాని చూరులో చెక్కి ఉండేది. బాపు దాన్ని తనే తీసుకుని, తనే కడుక్కుని, పై నుంచి పోస్తే పట్టుకుని, బయట గొంతుకూర్చుని తాగేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎందుకు లోపల కూర్చోవని అడిగితే “గాలి మంచిగ తలుగుతది బిడ్డా” అన్నాడు. ఆ గ్లాసు మీద కోపంతోనే నేను చదువుకున్నాను, ఆ కోపంతోనే దుబాయ్ వచ్చాను. వచ్చి, ఇరవై ఏళ్ళ తర్వాత, ఒక మనిషికి అదే గ్లాసు నా చేత్తో తెచ్చి ఇచ్చాను. తలుపు దగ్గర అతను కూర్చున్న తీరు చూడగానే నాకు ఇది తెలిసిపోయింది. తెలియలేదని చెప్పుకునే వీలు కూడా లేదు. చాయ్ తాగాక ఆ ముచ్చట ఎత్తకూడదన్నది నియమం. ఆ నియమం చాటున దాక్కున్నాను.

ఎనిమిది నెలలు అతను ఆ తీర్పును అక్షరం తప్పకుండా పాటించాడు. అందరి తర్వాత స్నానం. తన గ్లాసు తన తలగడ పక్కన. గంగాధర్ భార్య జాకెట్టు చంక దగ్గర విప్పి మళ్ళీ కుట్టాల్సి వస్తే, పాతది తెప్పించుకుని కుట్టి ఇచ్చాడు. గంగాధర్ రెండు చేతులా తీసుకున్నాడు. మా ఆవిడకు కూడా ఆ ఎనిమిది నెలల్లోనే రెండు జాకెట్లు కుట్టాడు. అతని చేతి కుట్టు మా ఇంటి ఆడవాళ్ళ ఒంటి మీదికి వెళ్ళవచ్చు. అతను తాగిన గ్లాసు మాత్రం మా గ్లాసుల పక్కన ఉండకూడదు. ఇది వింత అని ఒక్కడన్నా అనలేదు. నేనూ అనలేదు, ఇది నేను కుదిర్చిన వింత కదా.

నెమ్మదిగా కొలతలు చెప్పడం మానేశాడు. లిఫ్టులో ఎవరెక్కినా అంకెల వైపు చూస్తూ నిలబడేవాడు. ఒకసారి నేనే కావాలని “గా లావాటాయినది ఎంతుంటది తమ్మీ ఛాతీ?” అన్నాను. “చూళ్ళేదన్నా” అన్నాడు.

దుబాయ్‌కి గంట దూరంలో, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక కుట్టు కార్ఖానాలో పని దొరికిందని ఒక రోజు చెప్పాడు. రెండు సంచులు. ఒకటి నేను కింది దాకా మోశాను. టాక్సీ డిక్కీలో పెట్టాక అతను నా చొక్కా చూశాడు, పై గుండీ దారం వేలాడుతోంది. అలవాటుగా చెయ్యి ముందుకొచ్చింది. నన్ను ముట్టకుండానే ఆగిపోయింది. “అన్నా, గుండీ ఊడిపోతాది, చూసుకో” అన్నాడు. ఒక్క అడుగు నేను ముందుకు వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. అతను టాక్సీ ఎక్కబోతూ “నన్ను తప్పించాలనే చెప్పినావన్నా. నాకు తెలుసు” అన్నాడు. తప్పు చేశాను తమ్మీ అనే మాట నా నాలుక మీద ఉంది. “ఫోన్ చెయ్యి” అన్నాను.

మరుసటి జూన్‌లో వాట్సాప్‌లో ఒక లింకు పంపాడు. కింద వాయిస్ మెసేజ్. “అన్నా, జడ్జీలది మళ్ళీ వచ్చింది. ఈసారి కూడా కంప్యూటర్లోనే చేసినారు. ఆ పెద్దాయన ఉండాడు, ఏందో చెప్తా ఉండాడు, నవ్వతా ఉండాడు. ఏం చెప్తా ఉండాడో నాకు తెలుగులో చెప్తావా? తీరిగ్గా ఉన్నప్పుడే.” నేను బస్సులో ఉన్నాను. పక్కన మా కంపెనీ మనుషులున్నారు. లింకు తీసేశాను. ఆ గొంతు కూడా తీసేశాను. తీరిగ్గా ఉన్నప్పుడు చెప్దామనుకున్నాను. మూడేళ్ళు తీరిక లేకపోయింది, అదీ నా నిర్వాకం. ఆ పెద్దాయన ఎందుకు నవ్వాడో అతనికి తెలుగులో చెప్పేవాళ్ళు ఎవరన్నా దొరికారో లేదో నాకు తెలియదు.

ఇక నిన్నటి సంగతి. సాయంత్రం ఇంటర్నెట్ కాల్ వచ్చింది. ఆడగొంతు, నెల్లూరు యాస.

“అన్నా, నేను వాళ్ళక్కనన్నా. శవం వచ్చింది, కార్యం అయిపోయింది. కార్ఖానా ఆయన మీ నంబరు ఇచ్చినాడు.”

నేను ఏవో నాలుగు ముక్కలు అన్నాను. ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అయిపోయిన గొంతు.

“మీ గదిలో ఉన్నన్నాళ్ళూ వాడు సంతోషంగా ఉండాడన్నా. ఎప్పుడు ఫోన్ చేసినా మీ మాటలే. అట్లాంటిది ఒక్కసారిగా ఆ ఊరికి పోయినాడు. ఎందుకురా అంటే చెప్పడు. అప్పట్నుంచి మనిషి మాట తగ్గించేసినాడు. నాకు ఒకటే దిగులు. మీరు పెద్దోళ్ళు, దాచకుండా చెప్పండి. మా వాడు ఆడ ఏమన్నా తప్పు చేసినాడా?”

నా తప్పు చెప్పుకోవాలంటే అతని సంగతి చెప్పాలి. చెప్పుకుంటే నా గుండె బరువు దిగుతుంది, అతను బతికినన్నాళ్ళూ అక్కకు కూడా చెప్పకుండా దాచుకున్నది మళ్ళీ నా నోటి నుంచే బయటపడుతుంది. అతన్ని నిర్దోషి అని నిరూపించబోయి ఒకసారి ఆ పని చేశాను. ఇప్పుడు నన్ను నేను దోషినని చెప్పుకోవడానికి ఇంకోసారి చేయనా? ఆ హక్కు నాకు లేదు. క్షమాపణ అడగడానికి కూడా దారి లేకుండా చేసుకున్నాను.

“లేదమ్మా. ఏ తప్పు చెయ్యలే. బంగారం అసొంటి మనిషి” అన్నాను.

“మరి ఎందుకు పోయినాడన్నా?”

ఆమె లైన్లోనే ఉంది.

“రూము ఇరుకైంది తల్లీ. ఆరుగురం ఉంటిమి” అన్నాను.

“అవునులే అన్నా,” అంది ఆమె, నన్ను ఓదారుస్తున్నట్టు. “ఇరుకైతే మీరు మాత్రం ఏం చేస్తారు.”